యాత్రా వాహనానికి రెండవ బ్యాటరీ: అవసరం, అమరిక, జాగ్రత్తలు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారి అమ్రాబాద్ అభయారణ్యం గుండా సాగుతుంది. వన్యప్రాణుల రక్షణ దృష్ట్యా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఈ దారిలో వాహనాలను అనుమతించరు. ఆలస్యంగా చేరిన యాత్రికుల వాహనాలు మన్ననూరు చెక్‌పోస్టు వద్ద తెల్లవారేవరకు ఆగవలసిందే.

మా శాఖలో ఋణం పొంది 12 సీట్ల టూరిస్టు వ్యాను కొనుగోలు చేసిన ఒక యువకుడు ఒక వేసవి రాత్రి అక్కడ చిక్కుకున్నాడు. వ్యానులో వృద్ధులు, పసిపిల్లలు ఉన్నారు. వారి కోసం రాత్రంతా ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగాయి, అందరి ఫోన్లు ఛార్జింగులో ఉన్నాయి. ఉదయం గేటు తెరిచారు. తాళం తిప్పితే సెల్ఫ్ టిక్కుటిక్కుమని ఊరుకుంది. తోటి డ్రైవరు ఒకరు తన బండి నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేసేసరికి రెండు గంటలు గడిచాయి. ప్రయాణికులు దర్శనం వేళ తప్పిపోయారు, కిరాయిలో కోత పెట్టారు. మరుసటి యాత్రకు వేరొక బండి మాట్లాడుకున్నారు. ఆ వారమే అతని వాయిదా కట్టవలసి ఉంది.

తనిఖీకి వెళ్ళినప్పుడు అతడు నాతో, "సార్, ఇంజనుకు లోపం లేదు, టైర్లు కొత్తవి. ఒక్క రాత్రి వాడిన కరెంటు నన్ను ముంచింది" అన్నాడు. యాత్రా వాహనాలపై ఆధారపడి జీవించే ఋణగ్రహీతలకు, వారికి సామగ్రి అమ్మే డీలర్లకు ఉపయోగపడునని ఈ విషయాన్ని వివరిస్తున్నాను.

ఒక బ్యాటరీకి రెండు పనులు తగవు

వాహనంతో వచ్చే బ్యాటరీ ఇంజనును స్టార్ట్ చేయడానికి ఉద్దేశించినది. దానిలోని ప్లేట్లు పలుచనివి. కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్ల విద్యుత్తును ఒక్కసారిగా ఇచ్చి, వెంటనే ఆల్టర్నేటర్ ద్వారా తిరిగి నిండుతుంది. గంటల తరబడి కొద్దికొద్దిగా తోడుకుంటే అది త్వరగా పాడవుతుంది. అందుకు భిన్నంగా, డీప్ సైకిల్ బ్యాటరీలలోని మందమైన ప్లేట్లు దీర్ఘకాలం విద్యుత్తును ఇవ్వడానికి అనువైనవి.

కనుక ఇంజను బ్యాటరీ సెల్ఫుకే, రెండవ బ్యాటరీ ప్రయాణికుల సౌకర్యాలకే పరిమితం కావాలి. రెండవ బ్యాటరీ రాత్రికి పూర్తిగా ఖాళీ అయినా ఉదయం బండి కదలాలి. ఈ ఏర్పాటు ప్రయోజనమంతా ఇదే.

కొనే ముందు లెక్క వేయండి

ఏ పరికరం ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వాడతామో కాగితంపై వ్రాసుకోవాలి. ఆ యువకుని వ్యానుకు మేము వేసిన లెక్క ఇది.

12 వాట్ల ఫ్యాన్లు 4, 8 గంటలకు: 384 వాట్-గంటలు.
3 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు 6, 5 గంటలకు: 90 వాట్-గంటలు.
ఫోన్లు 12, ఒక్కొక్కదానికి 15 చొప్పున: 180 వాట్-గంటలు.

మొత్తం 654. దీనిని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 54 ఆంపియర్-గంటలు. అతని ఇంజను బ్యాటరీ సామర్థ్యం 80 మాత్రమే. ఆ ఉదయం సెల్ఫ్ ఎందుకు తిరగలేదో ఈ లెక్కే చెబుతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. కనుక 54కు రెట్టింపు, అనగా 108 కావాలి. బజారులో దొరికే 120 ఆంపియర్-గంటల బ్యాటరీ సరిపోతుంది. అతడు చిన్న ఫ్రిజ్ కూడా పెట్టదలచాడు. 45 వాట్ల ఫ్రిజ్ రాత్రి 10 గంటలలో సగం సేపు నడిచినా మరో 225 వాట్-గంటలు అవుతుంది. అప్పుడు 150 ఆంపియర్-గంటల బ్యాటరీ అవసరం. ఫ్రిజ్ వలన కిరాయి పెరగదని గ్రహించి అతడు ఐసు పెట్టెతోనే సరిపెట్టుకున్నాడు. ఆదాయం తేని వస్తువుకు అప్పు చేయకపోవడమే మేలు.

పగటి ప్రయాణాలకే వాహనం నడిపేవారికి రెండవ బ్యాటరీ అవసరం ఉండదు. డ్యాష్‌బోర్డుపై ఒక చిన్న వోల్టు మీటరు చాలు. ఇంజను ఆపి కొంత సేపు అయిన తరువాత 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు, 12.2 చూపితే సుమారు సగానికి వచ్చినట్లు గుర్తు.

రెండింటి మధ్య కాపలాదారు

రెండు బ్యాటరీలను నేరుగా వైర్లతో కలిపి వదలరాదు. అలా కలిపితే రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి, రెండవది కొన్న ఫలితం దక్కదు. వాటి మధ్య ఐసొలేటర్ ఉండాలి. వోల్టేజిని గుర్తించి పనిచేసే రిలే సాధారణ వాహనాలకు చాలు. ఇంజను నడిచి వోల్టేజి సుమారు 13.3కు చేరగానే అది రెండింటినీ కలుపుతుంది, 12.8కి తగ్గగానే విడదీస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల వాహనాలలో కొన్నింటికి ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటరు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అటువంటి వాటికి ఈ రిలే సరిగా పనిచేయకపోవచ్చు. డీసీ-డీసీ ఛార్జరు అమర్చుకోవాలి. లిథియం బ్యాటరీ ఎంచుకున్నవారికి కూడా ఇదే తగిన మార్గం. తమ వాహనం ఏ రకానిదో ముందుగా సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

వైరు, ఫ్యూజు, స్థలం

బ్యాటరీ ఖరీదు చూసి, వైరు దగ్గర పొదుపు చేయడం పలువురు చేసే పొరపాటు. ముందున్న ఇంజను నుంచి వెనుక భాగానికి 5 మీటర్లనుకుంటే, పోను రాను 10 మీటర్ల రాగి వైరు పడుతుంది. 30 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు 0.9 వోల్టు నష్టమవుతుంది. అంటే ఆల్టర్నేటర్ 14.2 ఇచ్చినా బ్యాటరీకి 13.3 మాత్రమే చేరుతుంది. అది ఎన్నటికీ పూర్తిగా నిండదు. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం మూడవ వంతు వోల్టుకు తగ్గుతుంది.

ఈ వైరుకు రెండు చివరలా, బ్యాటరీలకు అతి సమీపంలో, ఒక్కొక్క ఫ్యూజు ఉండాలి. రెండు వైపులా బ్యాటరీ ఉన్నందున ఒకే ఫ్యూజు రక్షణ ఇవ్వదు. మధ్యలో వైరు ఒరుసుకొని ఇనుముకు తగిలితే మంటలు లేచే ప్రమాదం ఉంది. ఫ్యూజు సామర్థ్యం వైరు మోయగలిగిన దానికి మించరాదు.

నీరు పోసే బ్యాటరీలు ఛార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువును వదులుతాయి. గాలిలో ఇది 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. కనుక ప్రయాణికులు కూర్చునే చోట సీల్డ్ బ్యాటరీనే పెట్టాలి. దానికి కూడా గాలి బయటకు పోయే మార్గం ఉన్న పెట్టె అవసరం. బరువు 30 కిలోలకు పైబడి ఉంటుంది కాబట్టి బోల్టులతో గట్టిగా బిగించాలి. ఇంటి ఇన్వర్టరుకు వాడే పొడవాటి ట్యూబులర్ బ్యాటరీ రోడ్డు కుదుపులకు తగినది కాదు.

కాగితాల విషయం

సీటు తీసి ఆ స్థలంలో బ్యాటరీ పెట్టడం వంటి మార్పులు రిజిస్ట్రేషను వివరాలకు భిన్నమవుతాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను అటువంటి మార్పులను నియంత్రిస్తుంది. ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి. వాహనంతోపాటు రాని విద్యుత్ పరికరాలను బీమా కంపెనీకి తెలిపి, ఐఎంటీ-24 ఎండార్స్‌మెంటు క్రింద పాలసీలో చేర్పించుకోవాలి. వాహనం బ్యాంకుకు హైపోథికేషనులో ఉంటుంది గనుక శాఖకు కూడా వ్రాతపూర్వకంగా తెలపడం మంచిది. కొత్తగా వాహన ఋణానికి దరఖాస్తు చేసేవారు ఈ ఖర్చును మొదటి కొటేషనులోనే చూపి, శాఖాధికారితో చర్చించగలరు.

డీలర్లకు ఒక మనవి. కొటేషనులో బ్యాటరీ, ఐసొలేటర్, వైరు మందం, ఫ్యూజులు, అమరిక కూలి విడివిడిగా వ్రాయండి. పెద్ద బ్యాటరీ అంటగట్టడం కంటే, కొనుగోలుదారుని వాడకం అడిగి తగినది ఇచ్చినవారి దుకాణానికే అతడు మరల వస్తాడు. పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. దానిని తిరిగి తీసుకొని అధీకృత రీసైక్లింగుకు పంపండి.

ఆ యువకుడు 120 ఆంపియర్-గంటల సీల్డ్ బ్యాటరీ, రిలే, 16 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పని పూర్తి చేయించుకున్నాడు. రెండు గంటల ప్రయాణంతో అది పూర్తిగా నిండదని, నాలుగైదు గంటలు పడుతుందని తెలుసుకొని వరుసగా రెండు రాత్రుల మజిలీ ఉంటే ఫ్యాన్ల వాడకం తగ్గిస్తున్నాడు. మొన్నటి తనిఖీలో వోల్టు మీటరు చూపుతూ, "ఇప్పుడు గేటు తెరిచేసరికి నా బండే ముందుంటుంది సార్" అన్నాడు. వాయిదాలు కూడా గడువులోపే జమ అవుతున్నాయి.