మిల్లు మారితే మన కాగితాలు ఎవరివి?

మిల్లు మారేటప్పుడు మన చేతిలో ఏమేమి కాగితాలు ఉండాల? ఈ మాట చాలా ఇండ్లల్లో పని మానేసినాకనే వస్తుంది. నేను స్పిన్నింగు మిల్లులో రింగు ఫ్రేముల మీద ముప్పై ఏండ్లు చేసి దిగినోణ్ణి. చదివింది ఐదో తరగతి. అందుకే చట్టం సంగతులు కూడా మనం మాట్లాడుకునే తీరులోనే రాస్తున్నా.

మా మట్మారిలో ఒక పిల్లోడు ఐటీఐలో ఫిట్టరు చదివి ఒక మిల్లులో చేరినాడు. చూసి ఇస్తామని అసలు సర్టిఫికెట్టు తీసుకున్నారు, రసీదు ఇయ్యలేదు. రెండేండ్లకు ఇంకో మిల్లులో జీతం ఎక్కువ ఇస్తామన్నారు. మానుకుంటానంటే, "నీకు పని నేర్పింది మేము, ఆ ఖర్చు కట్టి కాగితం తీస్కపో" అన్నారంట. వాళ్ళ నాయన నా దగ్గరికొచ్చి, "మామా, ఆ కాగితం వాళ్ళదా, మావానిదా?" అని అడిగినాడు.

దీన్ని మూడు రకాలుగా చూడాల.

మొదటిది, మన పేరు మీద వచ్చిన సర్టిఫికెట్టు. ఐటీఐది గానీ, 1961 అప్రెంటిస్ చట్టం కింద పరీక్ష పాసైతే వచ్చేది గానీ, అది పాసైన మనిషిది. నేర్పిన ఖర్చు రావాలంటే మిల్లువాళ్ళు దానికి వేరే దావా వేసుకోవాల. అంతే గానీ సర్టిఫికెట్టును తాకట్టు నగ మాదిరి పెట్టుకోగూడదు.

రెండోది, మిల్లు రిజిస్టర్లు. హాజరు బుక్కు, జీతాల పట్టీ, ట్రైనింగు రిజిస్టరు మిల్లువే. ఇంటికి తెచ్చుకోలేము. అయితే వాటిలో ఉన్న మన సర్వీసు మనది. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నియమాల్లోనే, పర్మనెంటు కార్మికుడు దిగిపోయేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్టు ఇయ్యాలని ఉండేది. ఏ పని చేసినామో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేసినామో అందులో రాయించుకోవాల. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం చేరేటప్పుడు నియామక పత్రం కూడా ఇయ్యాల.

మూడోది, నంబర్లు. మా కాలంలో మిల్లు మారితే పీఎఫ్ నంబరు మారేది. 2014 నుంచి యూఏఎన్ వచ్చింది, ఎన్ని మిల్లులు మారినా అదొకటే. ఈఎస్ఐ నంబరూ అంతే. పీఎఫ్ పింఛనుకు పదేండ్ల సర్వీసు కావాల. పదేండ్లు నిండక ముందే మానేసిన ప్రతిసారీ పింఛను డబ్బు కూడా తీసుకుంటే ఆ ఏండ్లు లెక్కలోంచి పోతాయి. తీసుకోకుండా స్కీము సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ముందు మిల్లు ఏండ్లు కలుస్తాయి.

పాత కాగితం ఎంత పని చేస్తుందో బొంబాయి మిల్లులోళ్ళను అడగాల. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది పనిలోంచి బయటికొచ్చినారు. మన తెలుగు పద్మశాలీలూ అందులో ఉన్నారు. తరువాత మిల్లులు మూతపడినాయి. ఏండ్లు గడిచినాక ఆ జాగాల్లో కార్మికులకు ఇండ్లు ఇచ్చేదానికి మ్హాడా దరఖాస్తులు పిలిచింది. 1982 జనవరి 1 నాటికి గానీ, ఆ తరువాత గానీ మిల్లులో ఉన్నట్టు రుజువు చూపించాల. టికెట్ నంబరు, సర్వీసు సర్టిఫికెట్టు, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు, జీతం చీటీ, ఇట్లాంటివి. మనిషి చనిపోయి ఉంటే వారసులు చూపించాల. ట్రంకు పెట్టెలో చీటీ దాచిన ఇల్లాలికి అది ఇంటి దారి అయ్యింది. మూసేసిన మిల్లులో ఎవర్ని అడుగుతాం?

ఇంక జాబరు దగ్గర పని నేర్చుకున్న మాలాంటోళ్ళకు కాగితమే లేదు. ఇప్పుడు కేంద్రం కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవాళ్ళను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. ఇంకా పనిలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, దాని గురించి అడిగి తెలుసుకోండి.

ఆ పిల్లోని సంగతికొస్తే, మేము అర్జీ రాయించి, ఒక కాపీ మీద మిల్లు ముద్ర వేయించుకున్నాం. ఇంకో కాపీ రాయచూరు లేబర్ ఆఫీసులో ఇచ్చినాం. నెలన్నరకు సర్టిఫికెట్టు చేతికొచ్చింది, డబ్బు కట్టలేదు. అయితే అప్పటికి ఆ కొత్త మిల్లులో వేరే మనిషిని పెట్టుకున్నారు. తక్కువ జీతానికి ఇంకో చోట చేరినాడు. అందుకే ముందే జాగ్రత్త పడమని చెప్పేది.

అసలు చూపించి జిరాక్సే ఇయ్యండి. అసలే ఇయ్యాల్సి వస్తే ముద్రతో రసీదు తీసుకోండి. జీతం చీటీలు పారెయ్యొద్దు. ఆధార్‌లో, పీఎఫ్‌లో, సర్టిఫికెట్టులో పేరు ఒకే రకంగా ఉందా చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు చెప్తాం, ఇక్కడ కన్నడ ఆఫీసుల్లో ఒక్కోసారి దాన్ని వదిలేసి నాయన పేరు కలుపుతారు. ఆ చిన్న తేడాకే పీఎఫ్ క్లెయిములు వెనక్కొస్తాయి. పనిలో ఉన్నప్పుడే దిద్దించుకుంటే మిల్లు ఆఫీసులోనే పని అయిపోతుంది.