నేల మోయగలిగే ఇల్లు

లండన్‌లోని హ్యాక్నీలో బ్రిడ్‌పోర్ట్ హౌస్ అనే ఎనిమిది అంతస్తుల నివాస భవనం ఉంది. అక్కడి కౌన్సిల్ తన పాత అద్దె ఇళ్ల సముదాయాన్ని పునర్నిర్మించే పనిలో భాగంగా దీన్ని కట్టించింది. 2011లో పూర్తయింది. అంతకు ముందు అదే జాగాలో 20 ఇళ్ల పాత భవనం ఉండేది. కొత్తదానిలో 41 ఇళ్లు వచ్చాయి. ఇక్కడ చిక్కంతా నేల అడుగున ఉంది. విక్టోరియా రాణి కాలంలో తవ్విన పెద్ద మురుగు కాలువ ఒకటి ఆ జాగా కిందుగా పోతోంది. దాని మీద అంత ఎత్తు కాంక్రీటు భవనం బరువు మోపడం కష్టం. అందుకని గ్రౌండ్ ఫ్లోర్ నుంచి పైదాకా గోడలనూ స్లాబులనూ చెక్క పలకలతోనే నిలబెట్టారు. బయట ఇటుక కట్టుబడి ఉండటంతో చూసేవారికి అది చెక్క భవనమని తెలియదు. చెక్క భవనాల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరు ఎంత ఎత్తు కట్టారన్న లెక్కలే ముందుకొస్తాయి. నార్వేలో 18 అంతస్తులు, అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తులు అంటూ రికార్డులు చెబుతారు. కానీ పాత నగరాల్లో పేద, మధ్యతరగతి ఇళ్లను మళ్లీ కట్టేటప్పుడు ఈ చెక్కకున్న అసలు బలం ఎత్తు కాదు, తేలికదనం. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేల్చవలసింది కూడా ఆ గుణాన్ని బట్టే.

ముందు ఈ చెక్క ఏమిటో చూద్దాం. ఇది పాత ఇళ్లలోని టేకు దూలాల వంటిది కాదు. త్వరగా పెరిగే స్ప్రూస్ వంటి చెట్లను కోసి, ఆరబెట్టి, ఆ పలకలను వరసలుగా పేర్చి, ఒక వరస నిలువుగా ఉంటే తర్వాతి వరస అడ్డంగా వచ్చేలా జిగురుతో అతికించి ఒత్తుతారు. ప్లైవుడ్ ఎలా తయారవుతుందో తెలిసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. కాకపోతే ఇక్కడ పలుచని పొరల బదులు మందపాటి పలకలు ఉంటాయి. వాటితో గది గోడంత పెద్ద ముక్కలు తయారవుతాయి. దీన్ని క్రాస్ లామినేటెడ్ టింబర్, క్లుప్తంగా సీఎల్‌టీ అంటారు. 1990లలో ఆస్ట్రియాలో, ముఖ్యంగా గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనతో ఇది ఒక రూపానికి వచ్చింది. ఒక ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగితే, అంతే సీఎల్‌టీ 500 కిలోల లోపే ఉంటుంది. కిటికీలకూ తలుపులకూ కావలసిన ఖాళీలను ఫ్యాక్టరీలోనే కోస్తారు. కట్టే చోట క్రేనుతో ఎత్తి, స్క్రూలతో, ఇనుప బద్దీలతో బిగించడమే మిగులుతుంది.

పునర్నిర్మాణం జరిగే చోటు ఖాళీ మైదానం కాదు కాబట్టి ఈ తేలికదనానికి అక్కడ విలువ పెరుగుతుంది. నేల కింద కాలువలు, సొరంగాలు, కేబుళ్లు ఉంటాయి. పక్క ఇంట్లో మనుషులు కాపురం ఉంటారు. ఇరుకు వీధిలోంచే లారీలు రావాలి. హ్యాక్నీలోనే 2017లో పూర్తయిన డాల్‌స్టన్ వర్క్స్‌లో పది అంతస్తులు, 121 ఇళ్లు ఉన్నాయి. దాని అడుగున రైలు సొరంగం ఉంది. మరో రైలు మార్గానికి కేటాయించిన దారి కూడా అటుగానే పోతుంది. అదే పరిమాణంలో కాంక్రీటుతో కడితే ఉండే బరువులో ఈ భవనం బరువు ఐదో వంతేనని దాన్ని రూపొందించిన వా థిసిల్టన్ సంస్థ చెబుతోంది. అదే సంస్థ రూపొందించిన తొమ్మిది అంతస్తుల భవనం ఒకటి 2009లో లండన్‌లోని మర్రే గ్రోవ్ వీధిలో పూర్తయింది. అందులో కింది అంతస్తు కాంక్రీటు, పై ఎనిమిదీ చెక్క. ఆ చెక్క భాగాన్ని నలుగురు పనివాళ్లు 27 పనిదినాల్లో నిలబెట్టారు. మొత్తం నిర్మాణం 49 వారాల్లో ముగిసింది. కాంక్రీటుతో అయితే 72 వారాలు పడుతుందని అంచనా. పాత ఇల్లు ఖాళీ చేసి తాత్కాలిక వసతిలో సర్దుకుంటున్న కుటుంబానికి ఈ వారాల తేడా చిన్నది కాదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది నిప్పు, అది న్యాయమైన భయం. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది ప్రాణాలు పోయాయి. ఆ టవర్ కాంక్రీటుది. మరమ్మతుల్లో భాగంగా బయట తొడిగిన నడుమ ప్లాస్టిక్ ఉన్న అల్యూమినియం పలకల వెంట మంట పాకింది. ఆ తర్వాత, 2018 చివర్లో, 18 మీటర్లు దాటిన నివాస భవనాల వెలుపలి గోడల్లో మండే పదార్థాలేవీ వాడకూడదని ఇంగ్లండ్ నిషేధించింది. ఆ నిషేధం సీఎల్‌టీకీ వర్తిస్తుంది. అంటే ఇవాళ బ్రిడ్‌పోర్ట్ హౌస్‌ను అక్కడే అదే పద్ధతిలో కట్టడం కుదరదు. నిజానికి మందపాటి చెక్క నిప్పులో నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతూ పోతుంది. ఆ బొగ్గు పొర లోపలి చెక్కను కాపాడుతుంది. ఎంత మందం ఉంటే గంటసేపు నిలుస్తుందో లెక్క కట్టవచ్చు. అయితే ఈ మాట చెప్పి ఊరుకుంటే నిజాయితీ కాదు. వేడికి జిగురు మెత్తబడితే పొర ఊడిపడి కొత్త చెక్క మంటకు దొరుకుతుంది. కవచం కప్పకుండా వదిలేసిన చెక్క గదిలోని మంటకు ఇంధనమవుతుంది. అందుకే వేడికి ఆగే జిగురు, జిప్సం బోర్డు కవచం, స్ప్రింక్లర్లు తప్పనిసరి. అమెరికాలో 2021 నాటి నమూనా నిర్మాణ నియమావళి 18 అంతస్తుల వరకు చెక్కను అనుమతించింది, కానీ ఆ ఎత్తులో చెక్కనంతా కవచంతో కప్పాలని కట్టడి చేసింది. పునర్నిర్మాణంలో వచ్చే ఇళ్లకు అంత ఎత్తు అక్కర్లేదు. ఐదారు అంతస్తుల్లోనే ఈ చెక్క భద్రంగా, పొదుపుగా పనికొస్తుంది.

రెండో అభ్యంతరం చరిత్రలోంచి వస్తుంది. ఫ్యాక్టరీ పలకలతో వేగంగా ఇళ్లు కట్టడం లండన్‌కు కొత్త కాదు. 1968లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాస్ పేలి ఒక మూల పైనుంచి కిందిదాకా కూలింది, నలుగురు చనిపోయారు. ఆ కాంక్రీటు పలకల అతుకుల్లో బలం లేదు. దాని తర్వాత, ఒక గోడ పోయినా మిగతా భవనం నిలిచేలా కట్టాలని అక్కడి నిబంధనలు మారాయి. ఇవాళ్టి చెక్క భవనాలను ఆ నియమం కిందే రూపొందిస్తున్నారు. అయినా పాఠం మాత్రం అదే: భద్రత పదార్థంలో కన్నా అతుకుల్లోనూ, పని జరుగుతున్నప్పుడు చేసే తనిఖీలోనూ ఉంటుంది. కట్టేటప్పుడు పలకలు వానకు తడిసి, ఆరకముందే మూసేస్తే చెక్క లోపల కుళ్లుతుంది. వేగం కోసం తనిఖీని వదులుకుంటే పాత తప్పే కొత్త పదార్థంతో మళ్లీ జరుగుతుంది.

మూడోది అడవి, కార్బన్ లెక్క. ఒక ఘనమీటరు చెక్కలో సుమారు 700 నుంచి 800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్ నిల్వ ఉంటుంది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7, 8 శాతం. ఈ పోలిక నిజమే, కానీ షరతులున్నాయి. కొట్టిన చోట చెట్టు మళ్లీ పెరగాలి. భవనం ఆ చెట్టు పెరిగే కాలమంతైనా నిలవాలి. కూల్చే రోజున పలకలను తగలబెట్టకుండా మళ్లీ వాడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత భవనాన్ని కూల్చి చెక్కతో కట్టడం కన్నా దాన్ని నిలబెట్టుకుని బాగుచేయడమే చాలాసార్లు మేలు. ఇక్కడా తేలికదనమే దారి చూపుతుంది. మెల్‌బోర్న్‌లోని సౌత్‌బ్యాంక్‌లో పాత కాంక్రీటు భవనాన్ని కూల్చకుండా, దాని నెత్తిన పది అంతస్తులు చెక్కతో లేపారు. అది హోటలే అయినా, ఆ సూత్రం ఇళ్లకూ వర్తిస్తుంది. పాత పునాది అదనంగా మోయగల బరువు కొద్దిగానే ఉన్నప్పుడు, ఆ కొద్దిలో ఎక్కువ ఇళ్లు ఇచ్చేది చెక్కే.

మన సంగతి వేరు. అడవుల రక్షణ కోసం కేంద్ర ప్రజా పనుల శాఖ 1993లో తన నిర్మాణాల్లో కలపను నిషేధించింది, 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. ప్రకాశం జిల్లా రైతులు సుబాబుల్, జామాయిల్ వంటి చెట్లు పెంచి కాగితం మిల్లులకు అమ్ముతున్నారు. అంటే అడవిని ముట్టకుండా పొలంలో కలప పండించడం మనకు తెలుసు. కానీ మన చెట్లు, మన ఉక్కపోత, మన చెదలు యూరప్‌వి కావు. దూరదేశాల స్ప్రూస్‌ను ఓడల్లో తెచ్చి హైదరాబాద్‌లో ఇళ్లు కడితే అది పర్యావరణ సేవ అనిపించుకోదు. మన కలప మీద బలం, జిగురు, నిప్పు, చెదల పరీక్షలు జరిగిన తర్వాతే ముందడుగు వేయాలి.

కాబట్టి నగర పాలకులు ఏ పాత కాలనీని ముట్టుకునే ముందైనా మూడు ప్రశ్నలకు వరసగా జవాబు చెప్పాలి. ఉన్నదాన్ని నిలబెట్టుకోగలమా? నిలబెడితే దాని మీద ఇంకెంత బరువు మోపగలం? కూల్చక తప్పకపోతే, ఆ నేల ఎంత మోయగలదు? ఈ మూడింటికీ లెక్కతో జవాబు వచ్చాక చెక్క సరైనదని తేలితే, దాన్ని ధైర్యంగా వాడాలి. లెక్క లేకుండా పచ్చదనం పేరుతో వాడితే నష్టపోయేది ఆ ఇళ్లలో ఉండబోయే మనుషులే.