కనిపించాల్సిన గీతను ముందే కప్పాలి
(విమాన వాహక నౌక నమూనాకు రంగులు వేసే విధానం)

సైన్స్ ఫెయిర్ అనగానే మన హాస్టళ్లలో అట్టలు, థర్మకోల్, ఫెవికాల్ డబ్బాలు బయటికి వస్తాయి. అగ్నిపర్వతం, ఇంకుడు గుంత, గాలిమర, రాకెట్టు వంటివి మనం ఏటా చూస్తూనే ఉన్నాం. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మన దేశంలోనే తయారైన ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ నౌకాదళంలో చేరిన తరువాత విమాన వాహక నౌక నమూనా చేయాలనే ఉత్సాహం కూడా విద్యార్థుల్లో పెరిగింది. చాలా సంతోషం. అయితే ఇటువంటి నమూనాలను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. నౌక ఆకారం బాగానే వస్తుంది. కొలతలు సరిపోతాయి. చివరి రోజు రాత్రి హడావుడిగా రంగు వేసేటప్పటికి గీతలు వంకర పోతాయి, ఒక రంగు మరో రంగులోకి పాకుతుంది. పదిహేను రోజుల శ్రమ ఒక్క రాత్రిలో మసకబారిపోతుంది.

పట్టణ పాఠశాలల పిల్లలు వేలాది రూపాయలు పెట్టి విదేశీ ప్లాస్టిక్ కిట్లు కొనగలరు. మనం కొనలేం. కానీ చక్కని గీతకు కావలసింది ఒక మాస్కింగ్ టేపు చుట్ట, ఒక కొత్త బ్లేడు, కొంత ఓపిక. ఎం.ఎస్సీ.లో చేరాక ఒక ప్రదర్శన కోసం ముగ్గురు మిత్రులం కలిసి ఇటువంటి నమూనా చేశాం. అప్పుడు తెలుసుకున్న విషయాలను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

గీతలు అలంకారం కాదు

ముందుగా నౌక గురించి కొంత తెలుసుకుందాం. విమానాలు ఎగిరి, దిగే పై అంతస్తును ఫ్లైట్ డెక్ అంటారు. కుడి అంచున నిలబడి ఉండే కట్టడాన్ని ఐలాండ్ అంటారు. విక్రాంత్‌కు ముందు భాగం పైకి వంగి ఉంటుంది. దాన్ని స్కీ జంప్ అంటారు. విమానం ఆ వంపు మీదుగా గాలిలోకి లేస్తుంది. దిగే విమానం తోకకు ఉన్న కొక్కెం డెక్ మీద అడ్డంగా ఉన్న మూడు ఉక్కు తీగలలో ఒకదాన్ని పట్టుకుంటుంది. దానితో విమానం కొద్ది దూరంలోనే ఆగిపోతుంది.

దిగే పట్టీ నౌకకు తిన్నగా ఉండక ఎడమవైపుకు ఏటవాలుగా ఉంటుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. పూర్వం డెక్ నిటారుగా ఉండేది. దిగే విమానం తీగను అందుకోలేకపోతే ఎదురుగా నిలిపి ఉన్న విమానాల మీదికి దూసుకుపోయే ప్రమాదం ఉండేది. ఏటవాలు పట్టీ ఉంటే తీగ అందకపోయినా విమానం మళ్లీ గాలిలోకి లేచిపోవచ్చు. ఈ ఆలోచనను 1951లో బ్రిటిష్ నౌకాదళ అధికారి డెనిస్ క్యాంబెల్ ముందుకు తెచ్చారు. 1952లో హెచ్.ఎం.ఎస్. ట్రయంఫ్ అనే నౌక మీద దీన్ని పరీక్షించారు. అందుకోసం నౌకను కోయలేదు, కొత్తగా కట్టలేదు. పాత డెక్ మీదనే ఏటవాలుగా రంగుతో గీతలు గీసి, విమానాలను ఆ గీతల వెంట తాకించి లేపి చూశారు. అంటే ఎందరో పైలట్ల ప్రాణాలు కాపాడిన ఒక మార్పుకు తొలి పరీక్ష రంగు గీతలతోనే జరిగింది!

అమెరికా నౌకల మీద దిగే పట్టీ పక్కన ఎరుపు, తెలుపు ముక్కలతో ఒక గీత ఉంటుంది. విమానం దిగే సమయంలో ఆ గీత దాటి లోపల మనిషి గానీ, వస్తువు గానీ ఉండకూడదు. కాబట్టి నమూనా మీద మనం వేసే ప్రతి గీతకూ ఒక అర్థం ఉంటుందని గుర్తుంచుకోవాలి. ప్రదర్శనలో ఎవరైనా "ఈ గీత ఎందుకు?" అని అడిగితే మన దగ్గర సమాధానం ఉండాలి.

స్కేలు లెక్క

కొత్త విక్రాంత్ పొడవు సుమారు 262 మీటర్లు, వెడల్పు సుమారు 62 మీటర్లు. నమూనాలకు ప్రపంచమంతా వాడే స్కేళ్లలో 1:350 ఒకటి. ఆ లెక్కన నమూనా పొడవు దాదాపు 75 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 18 సెంటీమీటర్లు వస్తుంది. మన స్టడీ అవర్ బల్ల మీద హాయిగా పడుతుంది. ఐదడుగుల పది అంగుళాల మనిషి ఇందులో 5 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటాడు. అసలు నౌక మీద మీటరు వెడల్పు గల గీత మన నమూనాలో 3 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ.

ఇదే లెక్కను రంగు మందానికి వర్తింపజేయండి. నమూనా మీద పొర 0.1 మిల్లీమీటరు మందం ఉంటే, అసలు నౌక మీద అది 35 మిల్లీమీటర్ల మందపు పూతతో సమానం! అందుకే చిక్కని రంగు ఒకేసారి పూస్తే కిటికీలు, మెట్లు, అంచులు పూడుకుపోతాయి. రంగును పలుచగా కలిపి రెండు మూడు కోట్లు వేయడమే సరైన పద్ధతి.

ఏ వస్తువు మీద ఏ రంగు?

ఇక్కడ కెమిస్ట్రీ తెలియాలి. స్ప్రే డబ్బాల్లోనూ, థిన్నర్‌లోనూ ఉండే ద్రావణులు థర్మకోల్‌ను కరిగిస్తాయి. థర్మకోల్ నౌక మీద నేరుగా స్ప్రే కొడితే కళ్ల ముందే గుంతలు పడిపోతుంది. కాబట్టి థర్మకోల్ వాడితే ముందుగా నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో పాత కాగితం ముక్కలు రెండు పొరలు అంటించి, పూర్తిగా ఆరాక నీటితో కలిసే అక్రిలిక్ రంగులే వేయాలి.

అట్టతో చేస్తే మరో జాగ్రత్త అవసరం. మాస్కింగ్ టేపు పీకేటప్పుడు అట్ట పై పొర లేచి వస్తుంది. దీనికి కూడా పలుచని ఫెవికాల్ పూతే మందు. అది ఆరాక సందులకు లప్పం పెట్టి, సన్న ఎమరీ పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేయాలి. బూడిద రంగు ప్రైమర్ మంచిది. దాని మీద ఎక్కడ గీత పడిందో, ఎక్కడ సందు మిగిలిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఎనామిల్ రంగు మీద థిన్నర్ కలిసిన స్ప్రే వేయవద్దు. అడుగు పొర ముడతలు పడుతుంది. స్ప్రే వాడేవారు గదిలో కాక ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని వాడాలి.

ఇంకొక మాట. హల్ అంటే నౌక మొండెం, డెక్, ఐలాండ్, చిన్న విమానాలు అన్నీ విడివిడిగా రంగు వేసి చివర అతికించాలి. అతికించాక మూలల్లోకి బ్రష్షు పోదు, టేపు అసలే పోదు.

నీటి గీత

యుద్ధనౌక నీటిపై భాగం సాధారణంగా బూడిద రంగులో ఉంటుంది. సముద్రపు మసకలో దూరం నుండి తేలికగా కనబడకుండా ఉండటానికి ఆ రంగు. నీటి అడుగు భాగం చాలా నౌకలకు ఎర్రగా ఉంటుంది. నాచు, పెంకు జీవులు అంటుకోకుండా వేసే పూతలో రాగి సమ్మేళనాలు వాడతారు. వాటిలో ముఖ్యమైన క్యూప్రస్ ఆక్సైడ్ స్వతహాగా ఎర్రని పదార్థం. ఇదివరకు ట్రైబ్యుటైల్ టిన్ అనే పదార్థాన్ని కూడా వాడేవారు. అది సముద్ర జీవులకు హాని చేస్తుందని తేలడంతో 2008 నుండి అంతర్జాతీయ ఒప్పందం ద్వారా నిషేధించారు. ఎరుపుకు, బూడిదకు మధ్య చాలా నౌకలకు నల్లని పట్టీ ఉంటుంది. నీటి మట్టం దగ్గర చేరే నూనె, మురికి అందులో కనిపించవు.

ఈ పట్టీ వంకర లేకుండా రావాలంటే ఒక సులువైన ఉపాయం ఉంది. నౌకను సమతలంగా ఉన్న బల్ల మీద కదలకుండా పెట్టండి. కావలసిన ఎత్తు వరకు పుస్తకాలు పేర్చి, పై పుస్తకం మీద పెన్సిల్‌ను పడుకోబెట్టి కట్టండి. పుస్తకాల దొంతరను నౌక చుట్టూ జరుపుతూ వెళితే పెన్సిల్ అంతటా ఒకే ఎత్తులో గీత గీస్తుంది. స్కేలు పెట్టి వంపుల మీద గీయాలంటే అయ్యే పని కాదు.

ఇప్పుడు ముందు నలుపు వేయండి. ఆరాక పట్టీ వెడల్పుకు టేపు కత్తిరించి దాని మీద అంటించండి. పై భాగాన్ని కాగితంతో కప్పి కింద ఎరుపు వేయండి. అది ఆరాక ఎరుపును కప్పి పైన బూడిద వేయండి. చివరికి టేపు తీస్తే మధ్యలో నల్లని పట్టీ తీర్చినట్టు ఉంటుంది.

టేపు కథ, టేపు పద్ధతి

ఈ మాస్కింగ్ టేపు పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లకు గిరాకీ ఉండేది. రంగు పనివారు కాగితాలు, గట్టి జిగురు టేపులు అంటించి, పీకేటప్పుడు రంగు కూడా ఊడి రావడంతో విసిగిపోయేవారు. త్రీ ఎమ్ కంపెనీ తయారుచేసే ఎమరీ పేపరు నమూనాలు ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లిన రిచర్డ్ డ్రూ అనే యువ ల్యాబ్ ఉద్యోగి వారి బాధ విన్నాడు. అతను ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆపేసినవాడు. ఎన్నో ప్రయత్నాల తరువాత 1925లో, బాగా అంటుకుని తేలికగా ఊడివచ్చే టేపును తయారుచేశాడు. పనివారి మాట శ్రద్ధగా వినడం వల్ల పుట్టిన వస్తువిది.

టేపు వాడేటప్పుడు పాటించవలసినవి:

1. చుట్ట అంచుకు దుమ్ము, నూగు పట్టి ఉంటుంది. టేపును గాజు పలక మీద అంటించి, స్టీలు స్కేలు, కొత్త బ్లేడుతో తాజా అంచు కోసుకోవాలి.

2. జిగురు ఎక్కువనిపిస్తే ఒకసారి అరచేతికి అంటించి తీసి వాడాలి.

3. వంపుల మీద వెడల్పు టేపు ముడుచుకుంటుంది. 2 మిల్లీమీటర్ల సన్న పోగులుగా కోసి వంపు వెంట తిప్పాలి.

4. అంచును గోటితో గట్టిగా నొక్కాలి. అయినా సన్నని సందు మిగులుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టే ఆ సందు రంగును లోపలికి పీల్చుకుంటుంది. పాఠంలో చదువుకునే కేశనాళికీయత ఇదే. దీనికి విరుగుడు ఏమిటంటే, కొత్త రంగు వేసే ముందు అడుగున ఉన్న పాత రంగునే టేపు అంచు మీద ఒకసారి పలుచగా పూయాలి. సందులోకి ఏదైనా పాకితే పాత రంగే పాకుతుంది, కంటికి కనబడదు. అది సందును కూడా మూసేస్తుంది.

5. రంగు చేతికి అంటకుండా ఆరాక, పూర్తిగా గట్టిపడక ముందే టేపు తీయాలి. పైకి లాగకూడదు. టేపును దాని మీదికే మడిచి, నెమ్మదిగా వెనక్కి తీయాలి.

డెక్ మీద తిరగేసిన ఆలోచన

అసలు కిటుకు ఇక్కడుంది. డెక్ ముదురు బూడిద, గీతలు తెలుపు. అందరూ ముందు బూడిద వేసి, దాని మీద తెల్ల గీతలు గీస్తారు. ముదురు రంగు మీద తెలుపు తేలిపోతుంది, రెండు మూడు పూతలు వేస్తే దిబ్బ కడుతుంది. అలా కాకుండా ముందు డెక్ అంతా తెలుపు వేయండి. నౌక ఫోటో దగ్గర పెట్టుకుని గీతలు ఉండవలసిన చోట సన్నని టేపు పోగులు అంటించండి. పసుపు గుర్తులు ఉంటే తెలుపు మీదనే పసుపు వేసి, ఆరాక వాటినీ కప్పండి. బూడిద మీద పసుపు ఎప్పుడూ మురికిగానే కనబడుతుంది. టేపు అంచులను తెలుపుతో ఒకసారి మూసి, చివరగా డెక్ అంతా బూడిద వేయండి. టేపు పోగులు ఒక్కొక్కటే తీస్తుంటే దాగిన గీతలన్నీ బయటపడతాయి.

ఇది మనకు కొత్త విద్య కాదు. పోచంపల్లి నేతగాళ్లు నూలు మీద రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట పాత రంగు నిలుస్తుంది, అదే చీర మీద పువ్వవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నీలం అంటకూడని చోట మైనం పూస్తారు. అన్నింటిలో సూత్రం ఒక్కటే. చివర కనిపించవలసినదాన్ని మొదటే నిర్ణయించి, కప్పి కాపాడాలి.

మన ఇళ్లలోని విద్య

మా నాన్న ఇళ్లకు రంగులు వేసే కూలి. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. నమూనా చేసేటప్పుడు ఫోన్‌లో ఫోటో చూపిస్తే నాన్న అడిగిన మొదటి మాట, "అస్తరు ఎన్ని కోట్లు కొట్టారమ్మా?" అని. "ఆరిందా లేదా అని వేలితో తాకి చూస్తే మచ్చ పడుద్ది. కనబడని మూలన గోటితో నొక్కి చూడండి" అని చెప్పారు. లప్పం, ఎమరీ, అస్తరు, రెండు కోట్లు అనే వరుస నాకు పుస్తకంలో కంటే ముందు ఇంట్లోనే దొరికింది. దాని వెనుక ఉన్న కారణాలను మాత్రం చదువు చెప్పింది.

మన హాస్టల్లో ఉండేవారి తల్లిదండ్రుల్లో తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, నేతగాళ్లు, చర్మకారులు, రంగు పనివారు ఎందరో ఉన్నారు. "మీ నాన్న ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే తల దించుకునే తమ్ముళ్లను, చెల్లెళ్లను నేను చూశాను. దించుకోవలసిన అవసరం లేదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పనిలో ఒక్క విషయమైనా అడిగి తెలుసుకోండి. ప్రదర్శన బల్ల దగ్గర నిలబడినప్పుడు "ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నాను" అని చెప్పండి.

నమూనాకు ఇంకొక విలువ కూడా ఉంది. మన మొదటి విక్రాంత్ 1961లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం దగ్గరే మునిగిపోయింది. 1997లో ఆ నౌక విశ్రాంతి తీసుకుంది. కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉండి, 2014లో ముక్కలైంది. ఇప్పుడు దాన్ని చూడాలంటే ఫోటోలు, నమూనాలే దిక్కు. మీరు శ్రద్ధగా చేసిన నమూనా ఒకటి మన హాస్టల్ గ్రంథాలయంలో ఉంటే, రాబోయే పిల్లలు ఆ నౌక కథ అడుగుతారు.

కాబట్టి వచ్చే సైన్స్ ఫెయిర్‌కు రంగుల పనిని చివరి రాత్రికి వదిలేయకండి. ఒక్కో రంగుకు ఒక్కో రోజు చొప్పున కనీసం వారం రోజులు కేటాయించండి. నిదానమే ప్రధానం. మన హాస్టల్ నమూనా ఈసారి జిల్లా స్థాయిలో నిలవాలని మనసారా కోరుకుంటున్నాను.

పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ