‘మీదే ఊరు?’ అంటే తెల్లముఖం వేసే పిల్లలు

కొత్త మనిషి కనబడితే మనం మొదట అడిగేది ‘మీదే ఊరండీ?’ అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని వారు అమెరికాలో లక్షల మంది ఉన్నారంటే వింతగా తోచవచ్చు. వారు దిక్కులేని వారు కారు. తండ్రి సైన్యంలో పనిచేయడం, తండ్రి వెంట దేశాలు తిరిగి పెరగడమే ఇందుకు కారణం. ‘మిలిటరీ బ్రాట్స్’ అని వారికి పేరు. బ్రాట్ అంటే పెంకి పిల్లవాడు. పెద్దయ్యాక కూడా వారు ఆ పేరును గొప్పగానే చెప్పుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసినా అమెరికా సైన్యం జర్మనీ విడిచి రాలేదు. 1946లో సైనికుల భార్యాబిడ్డలను ఓడలెక్కించి అక్కడికి చేర్చారు. ఆ అక్టోబరులోనే పిల్లలకు బడులు తెరిచారు.

క్వార్టర్లు అంతస్తుల మేడలు. అధికారులకు ఒకవైపు, సిపాయిలకు మరొకవైపు. సరుకుల కొట్టు, సినిమా హాలు, రేడియో అన్నీ అమెరికావే. గేటు దాటితే మాత్రం జర్మను భాష, జర్మను డబ్బు. పిల్లవాడు అద్దం పగలగొడితే ఫిర్యాదు తండ్రి పైఅధికారికి వెళ్లేది. సాయంత్రం అయిదింటికి బూర ఊదగానే బంతాట ఆగిపోయేది. కార్లు కూడా ఆగేవి. పిల్లలు జెండా వైపు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవారు.

భయం కూడా ఆ ఇళ్లలో కాపురం ఉండేది. అర్ధరాత్రి ఫోను మోగితే తండ్రి సంచీ తగిలించుకుని వెళ్లిపోయేవాడు. అది కవాతో, రష్యావారితో యుద్ధమో తల్లికీ తెలియదు. పారిపోవలసి వస్తే ఉండాలని కారులో పెట్రోలు సగానికి తగ్గకుండా చూసుకునేవారు. కాగితాలు, దుప్పట్లు, డబ్బాల తిండి కట్టి ఉంచేవారు. పశ్చిమ బెర్లిన్‌కు సైనిక కుటుంబాలు వెళ్లే రైలు రాత్రిపూట తూర్పు జర్మనీ గుండా నడిచేది. దారిలో ఆగినప్పుడు రష్యా సిపాయిలు కాగితాలు చూసేవారు. పిల్లలు తెర పక్కకు జరిపి, తమ శత్రువు ఎలా ఉంటాడో తొంగిచూసేవారు. తుపాకీ పట్టుకున్న పడుచు కుర్రవాడే కనిపించేవాడు.

రెండు మూడేళ్లకు బదిలీ తప్పదు. తండ్రి హోదాను బట్టి ఇంత బరువే సామాను అని లెక్క. ఏ బొమ్మ ఉంచాలి, ఏది పంచిపెట్టాలి అన్నది పిల్లలకు పెద్ద తగవు. స్నేహితుల్ని ఎలాగూ సామానులో వెయ్యలేరు.

మన పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం సంగతి అందరూ ఎరిగినదే. ఆ ఊరి మగవాళ్లు రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లారు. సిపాయి ఊళ్లో బిడ్డకు ఊరుంది, చెరువుంది, నాయనమ్మ ఒడి ఉంది. లేనిదల్లా తండ్రి. ఆయన ఉత్తరంలోనూ మనియార్డరులోనూ వచ్చేవాడు. జర్మనీలో పెరిగిన పిల్లలకు తండ్రి దగ్గరుండేవాడు, వారాల తరబడి కవాతులకు పోయినా తిరిగి ఇంటికే వచ్చేవాడు. ఊరు మాత్రం లేదు, నాయనమ్మ సముద్రం అవతల. రెంటిలో ఏది కావాలంటే తండ్రినే కోరుకోవాలని మాకు తోస్తుంది. కాని ఆ పిల్లలు దానికి కట్టిన వెల చిన్నదేమీ కాదు.

అందరికీ చేటే జరిగిందనలేము. బాస్కెట్‌బాల్‌లో పేరుమోసిన షకీల్ ఓనీల్ సార్జెంటు ఇంట పెరిగినవాడు. జర్మనీలోని విల్డ్‌ఫ్లెకెన్ స్థావరంలో ఆట నేర్పడానికి వచ్చిన కోచ్ డేల్ బ్రౌన్, అతని ఎత్తు చూసి సైనికుడనే అనుకుని సర్వీసు ఎంతని అడిగాడట. అప్పటికి అతడు పదమూడేళ్ల బడిపిల్లవాడు. తరువాత ఆ కోచ్ జట్టులోనే చేరాడు.

1990లో జర్మనీ ఒకటయ్యాక స్థావరాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. బెర్లిన్‌లో అమెరికా బడి 1994లో, హైడెల్‌బర్గ్ స్థావరం 2013లో మూసేశారు. హైడెల్‌బర్గ్‌లో సైనిక కుటుంబాలు ఉన్న మేడల్లోకి తరువాత సిరియా తదితర దేశాల శరణార్థులు వచ్చారు. అక్కడ చదివినవారు ఇప్పుడు ముసలివారవుతున్నారు. పూర్వ విద్యార్థుల సభలు అమెరికాలోనే ఏదో ఒక పట్నంలో హోటలు మాట్లాడుకుని జరుపుకుంటారు. ఆ సభలో ‘మీదే ఊరు?’ అని ఎవరూ అడగరు. ‘ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నావు?’ అని అడుగుతారు.