పోయినేటి కారా, ఈ ఏటి కారా?

బోడినాయకనూరు నుంచి బోడిమెట్టుకు ఎక్కే ఘాటురోడ్డులో 17 హెయిర్‌పిన్ మలుపులు. ఏలక్కాయ తోటలకు కూలీలను ఎక్కించుకొని తెల్లారగానే కొండెక్కే జీపుల వాళ్లలో ఎవరినైనా అడిగి చూడండి: "అన్నా, పోయినేడు ఈ బండి ఇంకా తొందరగా ఎక్కేది కదా, ఇప్పుడేమి ఇంత నిదానం?"

"పోయినేడు నువ్వు ఎక్కింది ఎండాకాలంలో. ఈ పొద్దు మంచు, రోడ్డంతా తడి. గడియారం చూస్తే ఏం తెలుస్తుంది? నాతోబాటు బయల్దేరిన బండి ఎప్పుడు చేరిందో అది చూడు" అంటాడు.

రేసు జట్ల వేగాన్ని ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పోల్చాలన్నా ముందు ఇదే చూడాలి. మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. కోయంబత్తూరు తెలుగు కుటుంబానికి చెందిన నారాయణ్ కార్తికేయన్ 2011లోనూ 2012లోనూ హెచ్ఆర్‌టీ అనే చిన్న ఫార్ములా వన్ జట్టుకు కారు నడిపాడు. ఆ రెండేళ్లూ ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో, 5.125 కిలోమీటర్ల అదే ట్రాక్ మీద పోటీకి దిగాడు.

2011లో రేసు మొదలయ్యే వరసను తేల్చే క్వాలిఫయింగ్‌లో అతని మేలైన ల్యాప్ 1 నిమిషం 30.238 సెకన్లు. 2012లో 1 నిమిషం 30.593. అంటే మూడోవంతు సెకను పైగా వెనకబడ్డాడు. గడియారాన్ని నమ్మితే హెచ్ఆర్‌టీ కారు ఏడాదిలో చెడిపోయినట్టే.

ఇప్పుడు పక్క బండిని చూద్దాం. రెండేళ్లూ పోల్, అంటే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం, కొట్టింది రెడ్‌బుల్ కారులో వెటెల్. 2011లో 1:24.178, 2012లో 1:25.283. అంత గొప్ప జట్టే ఒక సెకనుకు పైగా నిదానించింది! పోల్ సమయాన్ని నూరు అనుకొని లెక్కవేస్తే నారాయణ్ కారు మొదటి ఏడు 107.2, రెండో ఏడు 106.2. సెకన్లలో వెనకబడిన కారు, శాతంలో ముందుకొచ్చింది.

సెకన్లు వదిలి శాతాలు ఎందుకంటే, మొనాకో ల్యాప్ మూడుంపావు కిలోమీటర్ల పైచిలుకు, బెల్జియంలోని స్పా ల్యాప్ ఏడు కిలోమీటర్లు. అక్కడి సెకనూ ఇక్కడి సెకనూ ఒకటి కావు. ఫార్ములా వన్ నిబంధనల పుస్తకం కూడా శాతాన్నే నమ్ముకుంది: క్వాలిఫయింగ్ మొదటి విడతలో అందరికన్నా మేలైన సమయానికి 107 శాతం దాటిన కారుకు మామూలుగా రేసులో చోటు లేదు. ఈ రూలు వల్లే 2011లోనూ 2012లోనూ మెల్‌బోర్న్‌లో హెచ్ఆర్‌టీ కార్లు రెండూ రేసుకు దిగకుండానే ఇంటిదారి పట్టాయి.

ఆ ల్యాప్ కారుదా, డ్రైవరుదా అన్న అనుమానం రావచ్చు. దానికి అదే జట్టులో రెండో కారు నడిపిన జతగాణ్ణి చూడాలి. 2011లో బుద్ధ్‌లో రికియార్డో సమయం 1:30.216, 2012లో దె లా రోసాది 1:30.592. నారాయణ్‌కూ దె లా రోసాకూ తేడా సెకనులో వెయ్యో వంతు! ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట ఆగారంటే ఆ కారు సత్తా అంతేనని నమ్మవచ్చు. అదే 2011లో వర్జిన్ జట్టులో గ్లాక్ 1:34.046 దగ్గర ఆగితే, జతగాడు దాంబ్రోసియో 1:30.866 కొట్టాడు. గ్లాక్ కారుకు గేరుబాక్సు చెడింది. అందుకే జట్టుకున్న రెండు కార్లలో మేలైన దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

అయితే హెచ్ఆర్‌టీ నిజంగా బాగుపడిందా? నాకు పూర్తి నమ్మకం లేదు. 2011లో పెద్ద జట్లు ఇంజను పొగను కారు వెనక అడుగుభాగంలోకి ఊది, కారును నేలకు అదిమి పట్టించేవి. డ్రైవరు యాక్సిలరేటరు మీంచి కాలు తీసినా ఆ ఊదుడు ఆగేది కాదు. ఈ విద్యలో ఆరితేరింది రెడ్‌బుల్. 2012 నిబంధనలు పొగగొట్టం చోటు మార్చి, దానికి చాలామటుకు అడ్డుకట్ట వేశాయి. ఉన్నవాడికి పోయింది, మొదట్నుంచీ అంతగా లేనివాడికి పోయేదేముంది? పక్కవాడి మేడ ఒక అంతస్తు కూలితే మన గుడిసె ఎత్తు పెరగదు గదా.

కాబట్టి ఒక్క పోల్ కారుతోనే పోల్చి ఊరుకోకూడదు. నడిమి జట్ల సమయాలతోనూ పోల్చాలి. అదీ ఒక్క బుద్ధ్‌లోనే కాదు, రెండేళ్లూ మార్పు లేని ట్రాకులన్నిటిలో. వాన పడినవి తీసేయాలి. వచ్చిన శాతాలను వరసగా పేర్చి నడిమిది తీసుకోవాలి. ఇంకో చిక్కు: పోల్ సమయం మూడో విడతలో వస్తుంది, అప్పటికి ట్రాక్‌కు రబ్బరు పట్టి పట్టు పెరిగి ఉంటుంది. నారాయణ్ మొదటి విడతతోనే ఆగిపోయినవాడు. న్యాయంగా అయితే మొదటి విడతను మొదటి విడతతోనే తూచాలి. నేను పైన చేసింది మోటు లెక్కే.

2013లో వెటెల్ బుద్ధ్‌లో మళ్లీ పోల్ కొట్టాడు, 1:24.119. రెండేళ్ల కిందటి వేగం తిరిగొచ్చింది. దాని పక్కన పెట్టి చూడడానికి హెచ్ఆర్‌టీ లేదు, 2012తోనే మూతపడింది. 2013 తర్వాత బుద్ధ్‌లో ఫార్ములా వన్ రేసూ జరగలేదు.