అది వింటేజ్ బన్ కాదు, వాణిశ్రీ ముడి!

మొన్న మా ఆఫీసులో రెట్రో డే అన్నారు. ముందురోజు రాత్రి పని ముగించి, రీల్ చూస్తూ ‘వింటేజ్ బన్’ వేసుకోబోయా. మూడుసార్లూ జారిపోయింది. మంచం మీంచి అంతా చూస్తున్న అమ్మమ్మ ఇక ఆగలేకపోయింది. “వింటేజూ లేదు గింటేజూ లేదు. అది వాణిశ్రీ ముడే. ఇటు రా” అంది.

జుట్టు పాయలు పాయలుగా ఎత్తి, కుదుళ్ల వైపు దువ్వి ఉబ్బించింది. పైపైన నున్నగా సర్దింది. తన పెట్టెలోంచి పాత సవరం తీసి లోపల చుట్టి, పిన్నులు గుచ్చింది. పది నిమిషాల్లో అయిపోయింది. సవరం సంగతి ఆ రీల్‌లో చెప్పనే లేదు మరి!

మన బ్యాచ్‌కి పాత హీరోయిన్ అంటే ముందు సావిత్రే. 2018లో ‘మహానటి’ వచ్చాక ఆ చీరలూ జాకెట్లూ మళ్లీ కళ్లముందుకొచ్చాయి. కాస్ట్యూమ్స్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ అసలు ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) బ్లాక్ అండ్ వైట్ సినిమాలు. చీర రంగేంటో ఊహించుకోవాల్సిందే. వాణిశ్రీ హవా నాటికి రంగులొచ్చేశాయి. ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమనగర్’ రెండూ 1971లోనే వచ్చాయి. చీర, దానికి తగ్గ జాకెట్, ఎత్తైన ముడి, కళ్లకి సాగదీసిన కాటుక... అమ్మమ్మ తెనాలిలో షాపుకెళ్లి “సినిమాలో ఆ రంగు” అని అడిగేదట.

ఆ రాత్రే ఫోన్‌లో ‘ప్రేమనగర్’ పెట్టా. అందులో వాణిశ్రీ సెక్రటరీ. ఆ చీరకట్టుతో ఉద్యోగం చేస్తుంది, అవసరమైతే యజమానికి ఎదురు మాట్లాడుతుంది. నాకు నచ్చింది చీరకంటే అదే. అమ్మమ్మకీ అంతేనేమో అనిపించింది, ఎందుకంటే అప్పుడే ఆవిడ కొత్తగా టీచరైంది.

“స్కూలుకీ ఈ ముడితోనే వెళ్లేదానివా?” అన్నా.

“పెళ్లయ్యేదాకా. తర్వాత మా అత్తగారు ‘పాఠాలకి వెళ్తున్నావా, షూటింగుకా?’ అనేది. రోజూ గొడవెందుకని ముడి మానేశా.” కాసేపాగి, “ఉద్యోగం మాత్రం మానలేదులే” అంది.

ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరైంది. సవరం మాత్రం పెట్టెలోనే దాచుకుంది.

మర్నాడు ఆఫీసులో నా ముడి పెద్ద హిట్టు. ఇద్దరమ్మాయిలు ఎలా వేశావంటూ వెంటపడ్డారు. ఫొటో తీసి అమ్మమ్మకి వాట్సాప్ చేశా. పొగుడుతుందనుకున్నా. జూమ్ చేసి చూసినట్టుంది, వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టింది: “ఎడమవైపు పిన్ను బయటికి కనిపిస్తోంది. లోపలికి నొక్కు.”