పాలపిట్ట కాపురము

విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని మన తెలుగునాట తరతరముల నమ్మకము. జమ్మిపూజ ముగిసిన పిదప పిన్నలు, పెద్దలు ఊరి పొలిమేరకు పోయి చెట్లవంకను, తీగలవంకను వెదకుదురు. పక్షి కనబడినచో చేతులు జోడింతురు. ఆ ఒక్క దినము గడచిన తరువాత అది ఎచట నివసించునో, గ్రుడ్లు ఎచట పెట్టునో, పిల్లలను ఎట్లు పెంచునో అడుగువారు అరుదు. మేము ఇచట చెప్పబూనినది ఆ కాపురమును గురించియే. టెక్కలి, రావివలస, పలాస మొదలు ఉద్దానపు కొబ్బరితోటల వరకు ఉన్న గృహస్థులు ఈ విషయమును నేడు తెలిసికొనవలసిన అవసరము కూడ కలదు.

మొదట పక్షిని గుర్తింతము. ఇది గోరువంకకంటె పెద్దది, కాకికంటె చిన్నది. ముక్కు మొదలు తోక చివర వరకు జానెడున్నర పొడవుండును. తీగపై కదలక కూర్చున్నప్పుడు గోధుమరంగు వీపుతో, చారలు గల రొమ్ముతో సామాన్యముగానే కనబడును. ఎగిరినప్పుడు మాత్రము రెక్కలలో ముదురు నీలము, లేత నీలము పట్టెలు పట్టెలుగా మెరయును. సంస్కృతమున దీనిని చాషమందురు. హిందీవారును, మన పొరుగున ఉన్న ఒడియావారును నీలకంఠమని పిలిచి శివునితో ముడిపెట్టుదురు. రావివలసలో కప్పులేక ఆరుబయట వెలసిన ఎండల మల్లికార్జునస్వామిని కొలుచు మన ప్రాంతమువారికి ఈ పేరు ప్రియమైనదే. అయితే నిజమునకు పక్షి కంఠము నీలము కాదు. దీని ఈకను తరిగి గడ్డిలో కలిపి పెట్టినచో ఆవు పాలు ఎక్కువ ఇచ్చునను పాత నమ్మకమునుండి మన తెలుగు పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ నమ్మకమునకు ఆధారము లేదు గాని పేరు నిలిచిపోయినది.

మాఘమాసము ముగియుసరికి పాలపిట్టలు జతకట్టుట ఆరంభించును. మగపక్షి కర్కశముగా అరచుచు నిటారుగా పైకెగసి, అచటినుండి రెక్కలు ముడిచి, ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు దొర్లుచు క్రిందికి దూకును. ఈ దొర్లుటను బట్టియే ఆంగ్లేయులు దీనికి 'రోలర్' అని పేరు పెట్టిరి. పిదప రెండును ఒక కొమ్మపై చేరి, తలలు వంచుచు, తోకలు విప్పుచు, ఒకదాని ఈకలను మరియొకటి సవరించును. ఆ దినములలో తమ చెట్టు దరికి వచ్చిన కాకినైనను, గద్దనైనను తరిమికొట్టును.

ఇక ఇంటి సంగతి. పాలపిట్ట పుల్లలతో గూడు అల్లదు. గట్టి కఱ్ఱను తొలిచి తొర్ర చేయు శక్తియు దానికి లేదు. దాని ముక్కు పురుగులను పట్టుటకు తగినదే గాని వడ్రంగిపనికి తగినది కాదు. కావున వడ్రంగి పిట్ట తొలిచి విడిచిపోయిన తొర్రనో, కొమ్మ విరిగినచోట పుచ్చి ఏర్పడిన బొరియనో, పాతగోడలోని రంధ్రమునో వెదకికొనును. కఱ్ఱ మెత్తబడియున్నచో కొంచెము గీకి లోపల చోటు పెంచుకొనును. మొవ్వు విరిగి తలపోయిన కొబ్బరిమోడు, తాటిమోడు దీనికి మిక్కిలి అనువైనవి. పైచెక్క గట్టిగా నిలిచియుండగా లోని గుజ్జు పుచ్చిపోయి, పైనుండి క్రిందికి ఒక చిన్న బావివలె గుంట ఏర్పడును. అందు కొన్ని గడ్డిపోచలో, నాలుగు ఈకలో పరచినచో పరచును, లేనిచో లేదు.

ఆ చీకటిలో ఆడపక్షి 3 మొదలు 5 గ్రుడ్ల వరకు పెట్టును. అవి తెల్లగా, ఇంచుమించు గుండ్రముగా ఉండును. నేలపై గ్రుడ్లు పెట్టు పక్షుల గ్రుడ్లపై శత్రువుల కన్నుగప్పుటకు మచ్చలుండును. తొర్రలో దాగిన గ్రుడ్లకు ఆ అవసరము లేదు. తల్లిదండ్రులు రెండును వంతులవారీగా 17 మొదలు 19 దినములు పొదుగును. మొదటి గ్రుడ్డు పెట్టినది మొదలే పొదుగుట ప్రారంభమగును గనుక పిల్లలన్నియు ఒకేనాడు వెలువడవు. ఒకే తొర్రలో పెద్దది, నడిమిది, చిన్నది కనబడును. పుట్టినప్పుడు వాటికి ఈకలుండవు. నెలదినములపాటు వాటిని మేపవలెను. తల్లిదండ్రులు తీగపైనో, మోటుకొమ్మపైనో కూర్చుండి నేలను చూచుచు, మిడుత, పెంకుపురుగు, కీచురాయి కదలినంతనే క్రిందికి వాలి పట్టి తెచ్చును. ఒక్కొక్కప్పుడు చిన్నకప్పనో, బల్లినో కూడ తెచ్చును. పైరును తినెడి పురుగులను ఈ విధముగా ఏరివేయుటవలన రైతునకు కలుగు మేలు తక్కువది కాదు.

మొదటి గ్రుడ్డు మొదలు పిల్ల ఎగిరిపోవువరకు రమారమి ఏబది దినములు పట్టును. అంతకాలము ఆ తొర్ర కదలక నిలువవలెను. నడుమ ఆ మోడును నరికినచో ఆ ఏటి సంతానమంతయు నశించును. మరియొక తొర్ర వెంటనే దొరకుననుట కల్ల. గోరువంకలు, రామచిలుకలు, చిన్న గుడ్లగూబలు ఆ తొర్రలకై పోటీ పడుచుండును.

ఇచటనే మన ఉద్దానము సంగతి వచ్చుచున్నది. ఉద్యానవనమువలె పచ్చనైన నేల గనుక దీనికా పేరు వచ్చినదందురు. కొబ్బరి, జీడి, పనస ఇచటి జీవనాధారములు. 2018 అక్టోబరు 11న, దసరాకు వారము దినములు ముందు, తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. లెక్కకు మిక్కిలి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగెను. వాటితో తొర్రలున్న ముదురు మామిళ్లును, పనసలును పోయెను. నాటిన మొక్క ఏండ్లు గడచినచో కాపునకు వచ్చును. తొర్ర పడుటకు దానికి వార్ధక్యము కూడ రావలెను. కావున తోటలు తిరిగి పచ్చబడినను పక్షికి ఇల్లు వెంటనే దొరకదు.

మోడులను తీసివేయు రైతును మేము నిందింపము. క్రుళ్లుచున్న కొబ్బరిదుంగలలోను, పెంటకుప్పలలోను కొమ్ముపురుగు పెరిగి, బ్రతికియున్న చెట్ల మొవ్వును తొలిచివేయును. అట్టి దుంగలను తొలగింపుమని ఉద్యానశాస్త్రజ్ఞులు చెప్పుట యుక్తమే. తోటను కాపాడుకొనుచునే పక్షికి చోటు మిగుల్చు మార్గమేది?

ఇందుకు అమెరికాలో ఒక మంచి నిదర్శనము కలదు. అచట 'బ్లూబర్డ్' అను చిన్న నీలిపక్షి ఉన్నది. అది పాలపిట్టకు చుట్టము కాదు గాని దానివలెనే తొర్రలో గ్రుడ్లు పెట్టును, దానివలెనే తొర్రను తాను తొలుచుకొనలేదు. 1851లో ఐరోపానుండి తెచ్చి విడిచిన ఊరపిచ్చుకలును, 1890లో న్యూయార్కులో విడిచిన స్టార్లింగులను గోరువంక జాతి పక్షులును పెరిగి దాని తొర్రలను ఆక్రమించెను. ఎండుచెట్లు, పాత కఱ్ఱకంబములు తగ్గుటయు తోడై నీలిపక్షులు క్షీణించెను. అప్పుడు పల్లెవాసులు కఱ్ఱపెట్టెలు చేసి కంచెల వెంబడి బిగించిరి. పెట్టె ద్వారము ఒకటిన్నర అంగుళముల వెడల్పు మాత్రమే ఉన్నచో నీలిపక్షి దూరగలదు, స్టార్లింగు దూరజాలదు. లారెన్స్ జెలెనీ అను శాస్త్రజ్ఞుడు 1978లో ఇందుకై ఒక సంఘమునే స్థాపించెను. పక్షుల సంఖ్య తిరిగి పెరిగినది. ఐరోపాలో పాలపిట్టకు దగ్గరి చుట్టమైన రోలరునకు కూడ హంగేరీ, స్పెయిన్ దేశములలో ఇట్టి పెట్టెలే ఇండ్లయినవి.

మనము చేయదగినది స్వల్పమే. నేలపై క్రుళ్లెడి దుంగలను తీసివేయవలసినదే. గట్టుమీద నిలిచిన తాటిమోడును, మామిడిలో తొర్రపడిన ముసలికొమ్మను మాత్రము ప్రమాదము లేనిచో ఉంచవచ్చును. కొట్టక తప్పని మోడునైనను ఫాల్గుణము మొదలు ఆషాఢము వరకు కొట్టకుండుట మంచిది. శ్రావణము నాటికి పిల్లలు ఎగిరిపోయియుండును. కొట్టుటకు ముందు కొంతసేపు దూరమున నిలిచి, పక్షి రాకపోకలు ఉన్నవేమో గమనింపవలెను. పెట్టె కట్టదలచినవారు ద్వారమును నీలిపక్షికి చేసినదానికంటె పెద్దదిగా చేయవలెను. మన పక్షి లావుపాటిది.

మరియొక మాట. దసరాకు చూపించి డబ్బడుగుటకై కొందరు ఈ పక్షులను పట్టి పంజరములలో పెట్టుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరము. పంజరములోని పక్షిని చూచుటకు డబ్బిచ్చువారు లేనిచో పట్టువారును ఉండరు. 2023లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితి నివేదిక పాలపిట్టను తగ్గుచున్న పక్షులలో చేర్చినది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్రపక్షిగా ఎన్నుకొనగా, పాలపిట్టకు తెలంగాణలో ఆ గౌరవము నిలిచినది. గౌరవము ఎచటనున్నను పక్షి మాత్రము మన గట్లమీదనే ఉన్నది.

టెక్కలి దాపున తేలినీలాపురమున ఏటేటా వచ్చి చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ల కొంగలను ఆ ఊరివారు తమ ఆడపడుచులవలె ఆదరింతురు. మన ఊరిలోనే పుట్టి, మన చేల పురుగులను తినుచు, ఏడాది పొడవున మనతోనే ఉండు పాలపిట్టకు ఆ ఆదరములో కొంత పాలు దక్కవలదా? రాబోవు ఫాల్గుణమున మీ గట్టుమీది మోడులో దాని కాపురము సాగుచున్నదేమో ఒకసారి చూడుడు. ఉన్నచో గొడ్డలిని ఏబది దినములు ఆపుడు.